బోదెలోకి ఇంటికో మనిషి

దివిసీమలో కాలవ నీళ్ళు చిట్టచివర చేరే పొలాన్ని శివారు అంటారు. కాంతారావు తాత పొలం ఆ శివారుకే శివారు. అది దాటితే మడ అడవి, మడ అడవి దాటితే సముద్రం. ఈ ఏడు ఆయన పోసిన నారుమడి పచ్చదనం వదిలేసి పసుపుకి తిరుగుతోంది. ఇంకొన్నాళ్ళు నీళ్ళు రాకపోతే నేలలోని ఉప్పు పైకి తేలుతుంది. అప్పుడిక నారు బతకదు.

నీళ్ళు రానివ్వనిది కాలవ నుంచి పొలాలకి నీళ్ళు తెచ్చే పంట బోదె. పూడిక పేరుకుని, గుర్రపుడెక్క అల్లుకుని, దాని మీద కోళ్ళు నడుస్తున్నాయి. పూడిక తీయించాల్సింది ప్రభుత్వం. టెండరు పిలిస్తే ఒక్కరూ రాలేదు. పాత పనుల బిల్లులే రాలేదని కంట్రాక్టరు శ్రీను ఫోనెత్తడం మానేశాడు. పోనీ సొంత ఖర్చుతో పొక్లెయిన్ పెట్టిద్దామంటే దాని యజమాని అద్దె పెంచి చెప్పి, రూపాయి పడిపోయిందండీ, డీజిలూ సామానూ పెరిగాయండీ అన్నాడు. ఎరువుల కొట్లో పొటాష్ బస్తా ధర పెరిగినందుకూ అదే కారణం చెప్పారు. రూపాయి ఎక్కడ పడిందో గానీ దెబ్బ తన నడుముకి తగిలిందని తాత ఇంటికొచ్చి మూలిగాడు.

అసలు తప్పు తాతదే. పూర్వం ఊళ్ళో ఓ కట్టుబాటు ఉండేది. తొలకరికి ముందు ఇంటికో మనిషి పార పట్టుకుని బోదెలోకి దిగాలి. తాత నీటి సంఘం అధ్యక్షుడయ్యాక, ఇక పారలు అటకెక్కించండి, అంతా ప్రభుత్వమే చూసుకుంటుందని మైకులో చెప్పి దండ వేయించుకున్నాడు. ఆ ఫొటో ఇంకా గోడకుంది. బామ్మ వసుంధర దాన్ని రోజూ తుడుస్తుంది, భక్తితో మాత్రం కాదు.

ఇప్పుడు మళ్ళీ పారలు దించమని తాత ఇల్లిల్లూ తిరిగాడు. పైపొలాల వాళ్ళకి ఎంతో కొంత నీరు అందుతోంది కాబట్టి ఎవరికీ తొందర లేదు. బియ్యం వస్తున్నాయి, పింఛన్లు వస్తున్నాయి, పూడిక డబ్బులూ వస్తాయిలే అన్నారు. బోదె మొదట్లో పొలమున్న రాజేష్ అయితే గుమ్మంలోనే ఆపేశాడు.

"గవర్నమెంటు పని మనం చేస్తే వాళ్ళకలవాటైపోద్ది బాబాయ్."

"మనకి పంచడానికే చాలక అప్పులు తెస్తన్నార్రా. ఇంక బోదెకేం మిగుల్తాది?"

"మరి నువ్వు పింఛను మానేశావా?"

తాత మానలేదు. అందుకే గుమ్మం దిగి వచ్చేశాడు.

మర్నాడు తెల్లారేసరికి బోదె మొదట్లో తూము షట్టరు దించేసి, చక్రం పక్కన దిమ్మ మీద కూర్చున్నాడు. పొలాలన్నిటికీ నీళ్ళు ఆగిపోయాయి. ఊరు పరుగున వచ్చింది.

"ముందు నీ నారే పోద్ది," అన్నాడు రాజేష్.

"పోద్ది. తర్వాత నీది. నీళ్ళుండగా పూడిక తియ్యలేం. ఇంటికో మనిషి దిగండి, పనయ్యాక లేపుతాను."

ఎవరూ దిగలేదు. తాత తనే దిగుదామంటే షట్టరుకి కాపలా ఎవరు? అప్పుడు బామ్మ క్యారేజీతో వచ్చి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆ దిమ్మ మీద కూర్చుంది. ఆవిణ్ణి లేపే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు, తాతకి అసలే లేదు. ఆయన పార తీసుకుని మోకాళ్ళ లోతు బురదలోకి దిగాడు. దిగింది తన పొలం దగ్గర కాదు, రాజేష్ పొలం ముందు.

ఆ రోజంతా జనం గట్టు మీద నిలబడి సలహాలిచ్చారు. రెండోరోజు రాజేష్ తన పొలం ముందు వేరేవాడు తవ్వుతుంటే చూడలేక, తిట్టుకుంటూ దిగాడు. అతను దిగాక మిగతావాళ్ళు ఇంట్లో కూర్చోలేకపోయారు. అటకల మీది పారలు తుప్పుతోనే కిందికొచ్చాయి.

పనయ్యి, షట్టరు లేచి, శివారుకి నీళ్ళు చేరేసరికి తాత నారు సగం పోయింది. ఆయన ఆ పోయిన సగాన్ని కాసేపు చూసి, మిగిలిన సగానికి గట్టు సరిచేయడం మొదలుపెట్టాడు. రాజేష్ వచ్చి, తన మడిలో నారు మిగులుతుంది, పీక్కెళ్ళమన్నాడు.

"ఊరికే వద్దు," అన్నాడు తాత. "మీ నాట్లకి నారు కట్టలు మొయ్యడానికి వస్తాను."

"నీ నడుముతోనా?"

"నడుం సంగతి మీ పిన్ని చూసుకుంటాది. నాట్లు ఏ రోజో నువ్వు చెప్పు."