ఎద్దు పక్కన కనిపించే మోచేయి నాదే

ఈ రోజు సంతోషంతో నాకు అన్నం కూడా సహించలేదు. అందులో సగం కుళ్ళేనని నా భార్య అంటోంది. నిజమే! మా బిడ్డ సరిత ఊళ్లోని పాతకాలపు చేతిపనులు చూపిస్తానని పట్నం వాళ్లను పిలుస్తోంది. ఇబ్రహీంపట్నం దాటి మా ఊరికి ఈ ఆదివారం బస్సు నిండా వచ్చారు. నా బంగారు తల్లి! అయితే వచ్చినవాళ్లంతా ఎదురింటి కుమ్మరి మల్లయ్య సారె దగ్గరే కుండలు చేస్తూ కూర్చున్నారు. నా నువ్వుల గానుగను తొంగి చూసి పోతున్నారు. కడుపు మండిపోయింది.

"నా దిక్కు ఒక్కరు నిలబడ్తలేరేంది బిడ్డా?" అన్నాను.

"నువ్వు చూడమంటున్నవ్ బాపు. మల్లయ్య మామ మట్టి వాళ్ల చేతికే ఇస్తున్నడు" అంది సరిత.

వెంటనే గానుగ దూలం మీద బరువుకు పెట్టే బండరాయిని దించేశాను. "రాయి బదులు మనుషులు కూసోవచ్చు, రాండ్రి!" అని అరిచాను. ఇక చూడండి, పిల్లలూ పెద్దలూ వరుస కట్టారు. ఎద్దు తిరుగుతుంటే ఒకటే నవ్వులు. చివరికి మల్లయ్య కూడా మట్టి చేతులతో వచ్చి, "నన్ను గూడ జర తిప్పు బావా" అన్నాడు. నా జన్మ ధన్యం!

పోయేటప్పుడు అందరూ ఎద్దును కావలించుకుని ఫోటోలు దిగారు. నన్ను ఒక్కరూ పిలవలేదు. మల్లయ్య మీద అసూయ తీరిందో లేదో, ఎద్దు మీద మొదలైంది. సరిత ఇక్కడ పెట్టిన ఫోటోలో ఎద్దు కొమ్ము పక్కన ఒక మోచేయి ఉంది చూడండి, అది నాదే. ఎట్లా ఉందో చెప్పండి.