రుచి చూడని అవార్డు

పొద్దున్నే అప్పలరాజు బావ కబురు పెట్టాడు. మా న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో ఆయన నడిపే ఇడ్లీ హోటల్‌కి ‘ఉత్తమ హోటల్’ అవార్డు ఇస్తున్నారట, బోర్డు మీద ఆ మాట రాయాలట. ఈ బజారులో బోర్డులు రాసేది నేనే కాబట్టి రంగులు పట్టుకుని వెళ్లాను.

అప్పటికే కలకత్తా నుంచి అంబాసిడర్‌లో అవార్డు కమిటీవాళ్లు ముగ్గురు దిగారు. బావ ఇచ్చిన చందా అందుకుని, షీల్డు ఆయన చేతిలో పెట్టి, ఫొటో దిగారు. బావ సంబరంగా మూడు ప్లేట్ల ఇడ్లీ తెచ్చాడు. వాళ్లలో పెద్దాయన ప్లేటు వైపు చూడకుండానే హిందీలో చెప్పాడు, “వద్దు దాదా, మేం బయటి తిండి తినం.”

కారు వెళ్లాక ఉండబట్టలేక అడిగాను.

“బావా, ఈల్లు ఇదివరకెప్పుడైనా వచ్చి తిన్నారేటి?”

“లేదురా. నువ్వు బోర్డు రాయి.”

బోర్డు మీద చోటు లేదు. హోటల్ పేరు కింద, పెట్టిన రోజున నేనే రాసిన లైను ఉంది: ‘రుచి చూసి చెప్పండి’. బావ దాని మీదే వేలు పెట్టాడు.

“ఇది సెరిపీ. అవార్డు వచ్చీసినాక ఇంకెవులు సెప్పాలేటి?”

చెరిపేశాను. వాళ్లు ముట్టని ఇడ్లీలు నేనే తిన్నాను. మీ ఊళ్లో అవార్డులిచ్చేవాళ్లు కనీసం మంచినీళ్లయినా తాగుతారా?

ఇడ్లీలు ఎప్పటిలాగే దూదిలా ఉన్నాయి. ఆ మాట చెబుదామని తలెత్తితే, బావ షీల్డు తుడుచుకుంటున్నాడు.