పంచదార లేని సీసా

మా మేనత్త చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంటే వీధిలో జనం పక్కకి తప్పుకునేవారు. దారి ఇమ్మని ఆవిడ ఎవర్నీ అడిగి ఎరగదు. ఆ నడకే అలాంటిది. వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో వాళ్ల వాడ. తెల్లవారగానే పడవల దగ్గర చేప కొని, శ్రీకాకుళం వైపు ఊళ్లన్నీ తిరిగి అమ్ముకొచ్చేది. నేను విజయనగరంలో టీచరుగా ఉంటూ సెలవు దొరికితే చాలు, ఆవిడ దగ్గరికి పరిగెత్తేదాన్ని. మా అమ్మ కన్నా అత్తంటేనే నాకు గొప్ప. ఈ సంగతి అమ్మకీ తెలుసు, పాపం ఏమీ అనుకునేది కాదు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు అత్తకి షుగర్ బయటపడింది. డాక్టరు తీపి మానమన్నాడు, కూల్ డ్రింకులైతే అసలు ముట్టొద్దన్నాడు. మా వాళ్లలో అది చిన్న సంగతి కాదు. ఇంటికొచ్చిన మనిషి చేతిలో కూల్ డ్రింకు పెట్టకుండా పంపరు, పెట్టింది తాగకపోతే మాట పడాల్సిందే. రోజూ ఇన్ని గుమ్మాలెక్కే మనిషి ఎంతమందికని వద్దని చెప్పుకుంటుంది? ఆ ఇబ్బంది చూసి శ్రీకాకుళం బజార్లో కొట్టతను డైట్ సోడా ఇచ్చి, ఇందులో పంచదార లేదమ్మా అన్నాడు. అత్త ఊరికే నమ్మే రకం కాదు, సీసా మీద రాసింది నా చేత చదివించుకుంది. నిజమే, లేదు.

ఇక అక్కణ్ణించి మొదలైంది. మా వాళ్లకి సోడా అంటే మొదట్నుంచీ మందు కిందే లెక్క. పులుసన్నం పీకల దాకా తిని, గోలీ సోడా తాగి, ఒక్క త్రేన్పు వస్తే అరిగిపోయిందని సంబరపడే వంశం మాది. అత్త ఆ లెక్కే దీనికీ వేసింది. రెండోసారి అన్నం పెట్టించుకున్నా, కొబ్బరుండ తిన్నా, వెనకాలే డైట్ సోడా పట్టించేది. ఇదేం పద్ధతత్తా అని అడిగాను.

"దీన్ల పంచదార లేదు కదే గుంటా. ఒంట్ల ఉన్నదాన్ని కడిగేస్తాది" అంది.

నేనూ ఓ గుక్క తాగి చూశాను. తాగినంతసేపూ తీపి, ఆ తరవాత నోరంతా ఇనుము నాకినట్టు ఉంది.

కొన్నాళ్లకి కడుపుబ్బరం, గుండెల్లో మంట మొదలయ్యాయి. నిద్ర సరిగా పట్టేది కాదు. చల్లటిది తగిలితే పళ్లు జివ్వుమనేవి. తీపి మీద యావ తగ్గలేదు సరికదా ఇంకా పెరిగింది. ఇదంతా ఎండన పడి తిరగడం వల్లేనని కొట్టిపారేసింది. అంతలో జెల్ల చేప ముల్లు కాలి బొటనవేలిలో దిగింది. మా ఇళ్లలో ముల్లు గుచ్చుకోవడం ఎవరూ పట్టించుకోరు, ఇంత పసుపు అద్ది మళ్లీ పనిలో పడతారు. ఈసారి మాత్రం పుండు మానలేదు.

డాక్టరు రక్త పరీక్ష కాగితం చూసి ఏం తింటున్నావు, ఏం తాగుతున్నావు అని ఆరా తీశాడు. అత్త తన వైద్యం గురించి గర్వంగా చెప్పింది. ఆయన నవ్వలేదు, అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం. ఆ సీసాలో పంచదార లేనిమాట నిజమే కానీ అది ఒంట్లోదాన్ని కడగదన్నాడు. దాని ధైర్యంతోనే అన్నం, తీపీ ఎక్కువ తింటున్నావన్నాడు. నాలుకని తీపి మరవనివ్వదని, మంటకీ పళ్ల జివ్వుకీ ఆ పులుపూ గ్యాసూ తోడవుతున్నాయని, నిద్ర చెడిపోవడానికి అందులోని కెఫీన్ కూడా కారణం కావచ్చని ఓపిగ్గా చెప్పాడు. షుగర్ దిగకపోతే వేలు తీసేయాల్సి రావచ్చని చివర్న అన్నాడు. వేలుతో ఆగక కాలే పోతే ఆ బుట్టా లేదు, ఆ నడకా లేదు.

అత్త ఇల్లు చేరగానే ఉన్న సీసాలన్నీ పెరట్లో ఒలకబోసింది. ఆ తరవాత దాన్ని తిట్టిందీ లేదు, దాని కోసం నోరూరించుకుందీ లేదు. ఇవాళ్టి నుంచి టీ మానేస్తున్నానని వారం వారం ప్రకటించే నాబోటిదానికి అది ఎంత కష్టమో తెలుసు.

అసలు ఇరకాటం ఆ నెలలోనే వచ్చిపడింది. ఎదురింటి వాళ్ల పడవ మా మావయ్య వలని చింపేసిందని ఏళ్ల కిందట గొడవై, అప్పట్నుంచి రెండిళ్లకీ మాటల్లేవు. ఆ ఇంట పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనని అత్త నడివీధిలో ఒట్టు పెట్టుకుంది. పెద్దలు కూర్చుని ఇప్పటికి రాజీ కుదిర్చారు. రాజీ అంటే మా వాళ్లకి ఒకటే పద్ధతి. కూల్ డ్రింకులు తెప్పించి అందరి ముందూ రెండు వైపులవాళ్లూ తాగాలి. తాగితే గొడవ తీరినట్టు, లేకపోతే లేదు.

ఎదురింటి అరుగు మీద చేరాం. ఆ ఇల్లాలు అందరికీ మామూలు డ్రింకులిచ్చి, అత్త చేతిలో మాత్రం డైట్ సోడా పెట్టింది. అత్త అది మానేసిందని తెలియక, దానికోసం పనిగట్టుకుని శ్రీకాకుళం మనిషిని పంపిందట. ఈ ఒక్కసారికీ తాగేయత్తా అని మనసులోనే బతిమాలుకున్నాను. అత్త సీసాని కాసేపు చూసి పక్కన పెట్టేసింది. పెద్దల మొహాలు మాడిపోయాయి.

"ఇది కొట్టు సరుకు, ఎవులికైనా పోస్తారు" అంది. "మీ కుండల నీల్లు ఓ గలాసుడు ఇయ్యొదినా."

ఎదురింటావిడ లోపలికెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. అత్త ఎత్తిన చెంబు దించకుండా తాగేసింది. తన ఒట్టుని తనే అందరి ముందూ అంత తేలిగ్గా తీసి పారేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

వేలు దక్కిందని ఇక్కడే చెప్పేస్తాను. అన్నం తగ్గించి, మాత్రలు మానకుండా వేసుకుని, నెలల తరబడి కాపాడుకుంది. కానీ ఆ రోజుకి మాత్రం ఏమవుతుందో ఎవరికీ తెలియదు. కట్టు కట్టిన కాలు ఎలా ఉందని ఎదురింటావిడ నెమ్మదిగా అడిగింది. ఎవరడిగినా ఏం లేదు, ఏం లేదు అని తోసిపుచ్చే మా అత్త, ఆవిడ మొహంలోకి చూసింది.

"వేలు తీసేస్తారేమోనని బయ్యంగా ఉన్నాది ఒదినా" అంది.

నా దగ్గర కూడా ఎన్నడూ అనని మాట అది. ఎదురింటావిడ కింద చతికిలబడి, ఆ కాలు తీసి తన ఒళ్లో పెట్టుకుంది.