నూట పద్నాలుగు దగ్గర ఆగిన పాదరసం

మా అమ్మాయి తల మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను... ఇది జరిగింది. నాకే జరిగింది. ఐదేళ్ళ క్రితం, మే నెలలో, భిలాయిలో నేను కెమిస్ట్రీ చెప్పే కాలేజీలో.

దీన్ని స్టాఫ్‌రూమ్‌లో చాలాసార్లు చెప్పాను. కరెంటు పోయినప్పుడల్లా ఎవరో ఒకరు, "సార్, మీ లాబ్ దెయ్యం సంగతి చెప్పండి" అనేవారు. చెప్పేవాణ్ణి. పాతవాళ్ళు నవ్వేవారు, కొత్తగా చేరినవాళ్ళు కుర్చీలు దగ్గరికి జరుపుకునేవారు. చెప్పిన ప్రతి మాటా నిజమే. కానీ ఎప్పుడూ సగమే చెప్పాను. ఆ సగంలో నేను భయపడ్డ మనిషిని. మిగతా సగంలో నేనేమిటో మీరే చూడండి.

బీఎస్సీ రెండో సెమిస్టర్. ఆర్గానిక్ ప్రాక్టికల్ పరీక్ష. పిల్లలకి ఒక తెల్లపొడి ఇస్తాం. పేరు చెప్పం, సీసా మీద నంబరు మాత్రం ఉంటుంది. ఆ పొడి ఏమిటో వాళ్ళే కనుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది అది ఎంత వేడికి కరుగుతుందో చూడటం. సన్నటి గాజుగొట్టంలో, క్యాపిలరీ అంటాం దాన్ని, చిటికెడు పొడి వేస్తారు. ఒక పొడుగాటి గొట్టాన్ని బల్ల మీద నిలబెట్టి, అందులోంచి ఈ క్యాపిలరీని జారవిడుస్తారు. అది కింద బల్లకి తగిలి ఎగురుతుంది. టక్... టిటిక్. అలా పది పదిహేనుసార్లు చేస్తే పొడి గట్టిగా దిగుతుంది. తర్వాత దాన్ని థర్మామీటరుకు కట్టి, నూనెలో ముంచి, సన్నసెగ మీద పెడతారు. పొడి కరిగిన క్షణంలో పాదరసం ఎక్కడుందో చూసి రాస్తారు.

చూసి రాయాలి... అది పుస్తకంలో మాట. ఏ నంబరు సీసాలో ఏముందో ఆ లిస్టు మా దగ్గర ప్రతి ఏడూ పరీక్షకు ముందే బయటికి వచ్చేస్తుంది. పిల్లలు జవాబు ముందు రాసుకుని, దానికి సరిపోయేట్టు రీడింగులు వెనక నుంచి అల్లుకొస్తారు. నాకు తెలుసు. అందరికీ తెలుసు. అందరి జవాబులూ కలుస్తాయి, దిద్దడమూ తేలిక.

పావని ఒక్కతే లిస్టు చూసేది కాదు. స్టీల్ ప్లాంటు కార్మికుల బస్తీ, క్యాంప్ 1 పిల్ల. శ్రీకాకుళం వైపు నుంచి ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. తండ్రి కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. ఒక్క పేపరు పోయినా చదువు మానిపించేస్తానని ఆయన గట్టిగా చెప్పాడట. ఆ మాట పావనే ఓసారి నవ్వుతూ నాతో అంది. కాబట్టి ఆ అమ్మాయి సంగతి నాకు తెలియదని నేను అనలేను.

ఆ రోజు ఏడో నంబరు సీసా ఏడుగురికి వచ్చింది. లిస్టు ప్రకారం అందులో ఉన్నది బెంజోయిక్ ఆసిడ్. నూట ఇరవై రెండు డిగ్రీల దగ్గర కరగాలి. ఆరుగురు అదే రాశారు. పావని మాత్రం అసిటనిలైడ్ అని రాసింది. నూట పద్నాలుగు.

పక్కన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ కూర్చుని టీ తాగుతున్నాడు. నా ఉద్యోగం పర్మినెంటు చేసే కమిటీలో ఆయనా ఉన్నాడు. ఆయన వినేట్టు గొంతు పెంచాను.

"ఇది నాలుగో నంబరు సీసా జవాబు. ఎవరిది చూసి రాశావు?"

"ఎవల్దీ సూళ్ళేదు సార్. నాకొచ్చిందే రాసినాను."

"ఆరుగురికి నూట ఇరవై రెండొస్తే నీ ఒక్కదానికే నూట పద్నాలుగా? నీ థర్మామీటరు ఏమైనా విదేశాల నుంచి తెప్పించారా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు నాకు బాగానే అనిపించింది.

"ఇంకోపాలి సేసి సూపిత్తాను సార్. కసమ్ సే, ఒట్టు. పది నిమిషాలు సాలు... మీరు పక్కనే నిల్సొని సూడండి."

"ఛోడియే సర్, వదిలేయండి," అన్నాడు ఎగ్జామినర్. "మీ చాయ్ చల్లారిపోతోంది."

నేను వెళ్ళి టీ తాగాను.

పావని ఏడవలేదు. తొమ్మిదో బల్ల దగ్గరికి వెళ్ళి తన థర్మామీటరు విప్పుకుంది. అందరూ క్యాపిలరీని రబ్బరు రింగుతో కడతారు. ఆ రోజు రింగులు చాలలేదు. అందుకే తను ముందే చున్నీ అంచు నుంచి ఒక పసుపు దారం లాగి కట్టుకుని ఉంది. ముడి విప్పడానికి గోరు ఆడక పంటితో తెంపింది. నేను చూస్తూనే ఉన్నాను. ఎర్ర ఇంకుతో ఫెయిల్ మార్కు వేశాను.

ఐదింటికి మా లాబ్ అటెండెంట్ సాహూ వచ్చాడు. "సర్‌జీ, అంతా కడిగి అల్మారాలో పెట్టేశా. ఇదిగో చావీ" అని తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నేను స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని మిగతా పేపర్లు దిద్దాను. ఏడున్నర అయింది. అప్పుడు గుర్తొచ్చింది, మార్కుల షీటు లాబ్‌లోనే మర్చిపోయానని. పొద్దున పదింటికి అది కవరులో పెట్టి సీలు వేయాలి.

మూడో అంతస్తు. కారిడార్‌లో ఒకటే లైటు. తాళం తీశాను... లోపల చీకటి. ఎవరూ లేరు. స్విచ్ కోసం తడుముతున్నాను. అప్పుడు వినిపించింది.

టక్... టిటిక్.

ఎలుక అనుకున్నాను. చెయ్యి గోడ మీదే ఉండిపోయింది.

టక్... టిటిక్.

ఎలుక కాదు. చదువుకునే రోజుల నుంచీ, ఇరవై ఏళ్ళుగా వింటున్న చప్పుడది. గొట్టంలోంచి క్యాపిలరీ జారి, బల్ల మీద పడి ఎగిరే చప్పుడు. మధ్యలో కొంచెం ఆగుతోంది... చేత్తో తీసి మళ్ళీ పై నుంచి వదలడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు.

లైటు వేశాను. చప్పుడు ఆగిపోయింది.

బల్లలన్నీ ఖాళీ. తుడిచిన తడి ఇంకా అక్కడక్కడా మెరుస్తోంది. తొమ్మిదో బల్ల మీద మాత్రం... స్టాండు నిలబడి ఉంది. దానికి నూనెగొట్టం. అందులో థర్మామీటరు. థర్మామీటరుకు పసుపు దారం.

సాహూ మర్చిపోయాడు... పైకే అన్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

దగ్గరికి వెళ్ళాను. బర్నర్ లేదు. గ్యాస్ వాసన లేదు. నూనెగొట్టం చేత్తో పట్టుకున్నాను. చల్లగా ఉంది. కుండలో నీళ్ళంత చల్లగా. థర్మామీటరు చూశాను.

నూట పద్నాలుగు.

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను. నూట పద్నాలుగు. ఒక్కోసారి పాదరసం తెగి మధ్యలో ఇరుక్కుంటుంది, అది నాకు తెలుసు. వేలితో కొట్టాను. కదల్లేదు. అప్పుడు వంగి క్యాపిలరీలోకి చూశాను. లోపల పొడి లేదు. కరిగిపోయి ఉంది. కన్నీటి బొట్టంత తేటగా. చల్లారిన నూనెలో అలా ఉండకూడదు... తెల్లగా గడ్డకట్టాలి. అది రెండో సెమిస్టర్ పిల్లలకి కూడా తెలుసు.

కిటికీ ఒక్కసారిగా ఎర్రబడింది. ప్లాంటులో స్లాగ్, అదే కరిగిన ఇనుప చిట్టెం, పోస్తున్నారు. రోజూ చూసేదే. ఆకాశం ఎర్రగా వెలిగి, మెల్లగా ఆరిపోయింది. ఆ వెలుగు ఆరుతుండగా... నేను రెప్ప వేయలేదు... క్యాపిలరీలో కింది నుంచి తెల్లబడటం మొదలైంది. కొంచెం... ఇంకొంచెం... పై దాకా. ఎవరో ఇప్పుడే మంట తీసేసినట్టు.

స్టాఫ్‌రూమ్‌లో ఇక్కడిదాకా చెప్పి, "అంతే, పరుగో పరుగు" అనేవాణ్ణి. నవ్వులు. పరుగెత్తిన మాట నిజమే. కానీ నేను అప్పుడే పరుగెత్తలేదు.

నాకు పరీక్ష ముందురోజు సంగతి గుర్తొచ్చింది. సాహూ సెలవు. సీసాలు నేనే నింపాను, ఫోన్ చెవికి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూ. బెంజోయిక్ ఆసిడ్ డబ్బా, అసిటనిలైడ్ డబ్బా పక్కపక్కనే ఉంటాయి. రెండూ తెల్లపొళ్ళే.

ఏడో నంబరు సీసా తీశాను. పరీక్షనాళికలో సోడియం బైకార్బనేట్ ద్రావణం పోశాను. చిటికెడు పొడి వేశాను. బెంజోయిక్ ఆసిడ్ అయితే బుసబుసమని నురగ రావాలి. కళ్ళ ఎదురుగా పట్టుకుని నిలబడ్డాను. రావే... రా... అని బతిమాలుకున్నాను. పొడి మెల్లగా అడుక్కి దిగి ఊరుకుంది. ఒక్క బుడగ రాలేదు.

అబద్ధం రాసింది ఆ ఆరుగురు. తప్పు చేసింది నేను. నిజం రాసింది ఒక్కతే.

మార్కుల షీటు నా డ్రాయరులోనే ఉంది. పక్కనే ఎర్రపెన్ను. ఒక గీత కొట్టి, పక్కన సంతకం చేస్తే చాలు. కానీ ఆ గీత ఎందుకో పొద్దున ఎగ్జామినర్‌కు చెప్పాలి. సీసా తప్పు నింపింది నేనని చెప్పాలి. ఆ ఆరుగురికీ నూట ఇరవై రెండు ఎలా వచ్చిందో చెప్పాలి. షీటు తీశాను... మడిచి జేబులో పెట్టుకున్నాను.

వెనక, నా భుజానికి ఆనుకున్నంత దగ్గరలో...

టక్... టిటిక్.

అప్పుడు పరుగెత్తాను. తలుపు లాగి తాళం ఎలా వేశానో తెలీదు. మెట్లు ఎలా దిగానో తెలీదు. స్కూటర్ మీద కోహ్కాలో మా ఇంటికి చేరేసరికి చొక్కా పిండేలా ఉంది.

పొద్దున సాహూతో కలిసి లాబ్ తెరిచాను.

"ఏంటి సర్‌జీ, రాత్రంతా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి?"

తొమ్మిదో బల్ల ఖాళీగా ఉంది. థర్మామీటర్లన్నీ పెట్టెలో లెక్క ప్రకారం ఉన్నాయి. పసుపు దారం ఎక్కడా లేదు. "నేను నిన్ననే అన్నీ సర్దేశాను కదా," అన్నాడు సాహూ. ఒక్కటి మాత్రం మిగిలింది. స్టాండులో పరీక్షనాళిక, అడుగున తెల్లటి పొడి. నేను చేసిన పరీక్ష.

దాన్ని సింకు దగ్గరికి తీసుకెళ్ళి కడిగేశాను. పదింటికి కవరు సీలు వేశాను. ఆ నెలాఖరుకి నా ఉద్యోగం పర్మినెంటు అయింది. పావని మళ్ళీ కాలేజీకి రాలేదు.

ఈ ఏడు మా అమ్మాయి రెండో సెమిస్టర్‌లోకి వచ్చింది, రాయ్‌పూర్ హాస్టల్లో ఉండి చదువుతోంది. ఓ రోజు ఫోన్ చేసింది.

"నాన్నా, ఇక్కడ ప్రాక్టికల్‌లో అందరూ లిస్టు చూసి రాసేస్తున్నారు. నాకేమో వేరే రీడింగ్ వస్తోంది. ఏది రాయను?"

"అందరూ రాసిందే రాయమ్మా," అన్నాను. ఏమాత్రం తడుముకోకుండా వచ్చిందా మాట.

ఆ వారమే క్యాంప్ 1 వెళ్ళాను. పావని ఓ జిరాక్స్ షాపులో పనిచేస్తోంది. నేను వెళ్ళేసరికి మెషీన్ మీద ఉన్నది... మా లాబ్ సీసాల లిస్టే. ఇద్దరు కుర్రాళ్ళు నన్ను చూసి కాగితాలు వదిలేసి జారుకున్నారు. షాపు పక్కనే వాళ్ళ ఇల్లు. లోపలికి రమ్మంది. వాళ్ళమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఈ సారేనేటే నీ సదువాపీసినాయన? టీ ఎట్టనా మరి, ఇలాగే పంపీనా?"

"ఊరుకోయే అమ్మా. ఎట్టు."

అంతా చెప్పాను. డబ్బా, ఫోన్, సీసా, బైకార్బనేట్... కడిగేసిన సంగతి కూడా. ప్రిన్సిపాల్‌కు రాసిస్తానన్నాను. తర్వాత రాసి ఇచ్చాను కూడా. ఇన్నేళ్ళకి మార్కులు మారవన్నారు.

పావని వాళ్ళమ్మ తెచ్చిన టీ అందుకుని నా ముందు పెట్టింది. "నాకు తెల్సు సార్, నాను రాసింది సరైందని. మీకు తెల్సని మాత్రం తెల్దు," అంది.

ఆ రాత్రి లాబ్‌లో జరిగింది కూడా చెప్పాను. చప్పుడు, దారం, పాదరసం. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఆ రాత్రి నువ్వెక్కడున్నావమ్మా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు.

"కాలేజీ గేటు కాడే ఉన్నాను సార్. మజ్జానం నుంచీ. మీరొత్తే ఇంకోపాలి అడుగుదామని. పైకి రాలేదు, మీకు కోపమొత్తాదని."

"ఎనిమిది దాకానా?"

"మీరొచ్చీదాకా. బండి మీద నా పక్కనుంచే ఎల్లినారు కదా సార్. నాను 'సార్, సార్' అని పిల్సినాను. మీరు నా మొకం సూసి... బండి స్పీడు పెంచీనారు."

పాదరసం తెగి ఉండొచ్చు. సాహూ ఒక స్టాండు మర్చిపోయి, పొద్దున నేను చూడకుండా తీసేసి ఉండొచ్చు. చప్పుడు నా తలలోనే పుట్టి ఉండొచ్చు. వాటికి ఏదో ఒక సమాధానం చెప్పుకోగలను. కానీ ఆ గేటు... ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా లైటు కింద వాచ్‌మన్ ఖాళీ కుర్చీ కనబడుతుంది. గేటు సగం తెరిచి ఉండటం కనబడుతుంది. రోడ్డు కనబడుతుంది. అక్కడ మనిషి ఎవరూ కనబడరు.