ఉర్దూ సారు నేర్పిన నాలుగక్షరాలు

నవంబర్ పదకొండు, మంగళవారం. పొద్దున్నే బోధన్‌కు ఫోన్ చేస్తే, ఎప్పుడూ లేనిది ఉర్దూ సారు కోడలు ఎత్తింది. "మామ లేడు బేటా. మొన్న జుమ్మా నాడు పోయిండు," అంది.

నిజాం కాలపు భూమి కాగితాలు చదివిపెట్టే ఆ ముసలాయన్ని అందరూ ఉర్దూ సారు అనేవారు. నేను ఆయన దగ్గరికి వెళ్లింది ఒక్క పేరు కోసం. మా అవ్వను కన్న రోజే ఆమె తల్లి చనిపోయింది. సవతి తల్లి వచ్చాక ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. ఏటా పెత్రమాసకు పోయినవాళ్ల పేర్లు చెప్పి బియ్యం ఇస్తారు కదా, అవ్వ మాత్రం తల్లి పేరు తెలియక "మా అవ్వకు" అని ఆగిపోతుంది. నేను రాసుకుంటున్న వంశవృక్షంలోనూ అక్కడ ఖాళీయే. మిగిలింది ఆ తల్లికి పుట్టింటి నుంచి వచ్చిన చెలక భూమికి ఉర్దూలో రాసిన పట్టా ఒక్కటే.

సారు భూతద్దం పెట్టి చూశారు. "పేరు సాఫ్‌గ ఉంది."

"చెప్పండి సార్!"

"నేను జెప్తే చెవులకెళ్లి పోతది. నువ్వు సదివితే నోట్ల ఉంటది. నేర్సుకో."

"ఎన్ని రోజులు పడ్తది సార్?"

"మీ అవ్వ ఎనభై ఏండ్లు ఆగింది. నీకు ఎనిమిది వారాలు బరువైతున్నదా?"

పాత కాగితాన్ని ఆయన ఎన్నడూ వేలితో తాకలేదు. కిటికీ వెలుగులో కలం పట్టుకుని, దాని నీడతో పంక్తి చూపించేవారు. సాసర్‌లో పోసిన చాయ్‌లో సగం నాకు.

"అలిఫ్‌తోని గదా సార్ మొదలు?" అని అడిగాను.

"అందరికి అలిఫ్. నీకు మీమ్."

నాలుగే అక్షరాలు, వారాల తరబడి. వచ్చే వారం కలిపి రాయడం నేర్పుతానన్నారు. నాకు విసుగొచ్చింది. పరీక్షలని, తర్వాత వానలని వెళ్లడం మానేశాను. పెత్రమాస నాడు అవ్వ మళ్లీ "మా అవ్వకు" అని ఆగింది. నేను ముఖం తిప్పుకున్నాను. ఆ రోజు నాకు ఆయన మీదే కోపం వచ్చింది. తెలిసిన పేరును ఒక ముసలిదానికి చెప్పకుండా ఎందుకు దాచాలి? ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఫోన్ పెట్టేశాక, సారు దగ్గర అక్షరాలు దిద్దిన కాపీబుక్కూ పట్టా పక్కపక్కన పెట్టుకున్నాను. మీమ్, లామ్, వావ్, అలిఫ్. నా కలం నీడ ఆ నాలుగూ కలిసిన ఒక మాట దగ్గర ఆగింది. మల్లవ్వ. ఆయన నాకు ఉర్దూ నేర్పలేదు, ఆ పేరొక్కటే నేర్పారు. ఎండాకాలం నుంచి అది నా సంచిలోనే ఉంది.

అవ్వకు చదివి వినిపించాను. "మల్లవ్వ," అంది. ఇంకోసారి, మెల్లగా, "మా అవ్వ మల్లవ్వ," అంది. నా చెయ్యి పట్టుకుంది.

"వచ్చే పెత్రమాసకు ఆ సారుకు గూడ బియ్యం ఇద్దాం బిడ్డా. పేరేంది ఆయనది?"

ఫోన్ తీసి వెతికాను. అందులో కూడా ఆయన ఉర్దూ సారే.

రేపు పొద్దున మొదటి బస్సుకు బోధన్ పోవాలి. ఆయన పేరు నోటితో చెప్పొద్దని, నేనే చదువుకునేట్టు కాపీబుక్కులో ఉర్దూలో రాసిమ్మని కోడలిని అడగాలి.