మా మరిది ఊరికే తెచ్చిన సిస్టం

మొన్న భవానీపురంలో మా బ్యాంకుకు వెళ్తే, కౌంటరు వెనక కూర్చున్న అమ్మాయి "సిస్టం మారుస్తున్నారండీ, ఎల్లుండి దాకా ఏ పనీ అవదు" అని చెప్పి చేతులు ముడుచుకుంది. వరుసలో నా ముందు నిలబడ్డ పెద్దాయన, "ఏం మారుస్తారో ఏమో, ఎల్లుండి వచ్చేసరికి మన ఖాతా ఉంటుందో ఊడుతుందో" అన్నాడు. అందరూ నవ్వారు గానీ ఎవరి ముఖంలోనూ ఆ నవ్వు నిలబడలేదు. ఎండలో ఇంటికి నడిచి వస్తుంటే, మా ఇంట్లో సిస్టం మారిన రోజులు, మారినది మళ్ళీ వెనక్కి మారిన ఆ ఒక్క మధ్యాహ్నమూ వరసగా గుర్తుకొచ్చాయి.

నేను బందరులో తెలుగు టైపు హయ్యరు పాసయిన మనిషిని. మన తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పెళ్ళి సంబంధం కుదిరే లోపు ఆడపిల్లలను టైపు నేర్చుకోవడానికి పంపేవారు. ఎక్కువమంది అక్కడితో వదిలేసేవారు, నాకు మాత్రం ఆ మీటలు వేళ్ళలోకి ఇంకిపోయాయి. ఏ వత్తు ఏ వేలి కింద ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. మా వారు గవర్నరుపేటలో ఒక ప్రింటింగు ప్రెస్సులో పనిచేసేవారు. తొంభైల మొదట్లో సీసపు అక్షరాల రోజులు అయిపోయాయని అందరికంటే ముందు పసిగట్టి, ఆ ఉద్యోగం మానేసి, సందులో ఒక షట్టరు గది అద్దెకు తీసుకుని డీటీపీ సెంటరు పెట్టారు. టైపు చేసేది నేను, బేరం మాట్లాడేది ఆయన. శుభలేఖలు, కరపత్రాలు, భజన మండలి వాళ్ళ పాటల పుస్తకాలు, ఏవి వచ్చినా అక్షరాలు కూర్చి, ట్రేసింగు పేపరు మీద ప్రింటు తీసి ప్రెస్సుకు పంపేవాళ్ళం.

మొదట్లో ఉన్నది డాస్. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, ఒక్కో ఆజ్ఞా మనం కొట్టి చెబితే గాని కదిలేది కాదు. తర్వాత విండోస్ వచ్చినప్పుడు మా వారు దాన్ని చాలా రోజులు నమ్మలేదు. ఆ బొమ్మల వెనక ఏం జరుగుతోందో మనకు కనపడటం లేదని ఆయన ఫిర్యాదు. పైగా అంత పని ఒక ఎలుకను పట్టుకుని చేయడమేమిటని విసుక్కునేవారు. మెల్లగా అలవాటు పడ్డారు, అందరితో పాటే. ఆ రోజుల్లో దాన్ని డబ్బు పెట్టి కొనాలని మాకెవరికీ తోచనే లేదు. కంప్యూటరు అమ్మినవాడే సీడీ పెట్టి ఎక్కించి వెళ్ళేవాడు, కుక్కరుతో పాటు గరిటె ఇచ్చినట్టు.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకు మా సందులో ఒక పుకారు పుట్టింది. కొనకుండా సిస్టం వాడే షాపుల మీద దాడులు జరుగుతున్నాయట, ఏలూరు రోడ్డులో ఎవరివో కంప్యూటర్లు జీపులో వేసుకుని పోయారట. ఎవరివి, ఎప్పుడు అని అడిగితే ఎవరికీ తెలియదు, కానీ అందరూ విన్నారు. ఇక అప్పటినుంచి చొక్కా టక్కు చేసుకుని చంకలో ఫైలు పెట్టుకున్నవాడు ఎవడు సందు మలుపు తిరిగినా, ఈ చివర నుంచి ఆ చివర దాకా షట్టర్లు దబదబా పడిపోయేవి. ఒకసారి అలా పడ్డాక, బయట నిలబడినాయన పాపం ఇన్సూరెన్సు ఏజెంటు అని తెలిసింది. అయినా సగం తెరిచిన షట్టరు కింద నుంచి ఆయన చెప్పులనే చాలాసేపు అనుమానంగా చూశాం.

మా మరిది అప్పుడు ఎమ్మెస్సీ కంప్యూటర్సు పూర్తిచేసి, ఉద్యోగం రాక మా దగ్గరే ఉండేవాడు. మా వారికంటే బాగా చిన్నవాడు, ఆయనే చదివించారు. ఒకరోజు ఒక సీడీ తెచ్చి బల్ల మీద పెట్టి, "దీని పేరు లినక్స్ అన్నయ్యా. ఇది పెట్టుకుంటే ఏ జీపూ మన షాపు ముందు ఆగదు. ఊరికే వస్తుంది, కొనక్కర్లేదు" అన్నాడు.

మా వారు ఆ సీడీని ముట్టుకోలేదు. "ఊరికే ఎవడిస్తాడ్రా?"

"ప్రపంచమంతా వేలమంది కలిసి రాస్తారన్నయ్యా, ఎవరైనా వాడుకోవచ్చు."

"వాళ్ళకి వేరే పనేం లేదా?"

మా అత్తగారు కూచిపూడి దగ్గర పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. ఆ సాయంత్రం ఈ సంగతి విని, పాలు ఊరికే పోస్తానన్నవాడి గేదెను ముందు చూసి రావాలి అన్నారు. నాకూ లోలోపల అదే అనుమానం. లోకంలో ఊరికే దొరికేది ఏదీ చివరిదాకా ఊరికే ఉండదని మనందరం ఎక్కడో ఒకచోట నేర్చుకున్నవాళ్ళమే కదా. కానీ ఊరికే వచ్చినదాని మీది అనుమానం కంటే జీపు భయం పెద్దది. ఒక ఆదివారం షట్టరు సగం దించి, మా మరిది పాతది తీసేసి కొత్తది ఎక్కించాడు. ఎక్కించాక, రోజూ వాడే పాస్‌వర్డు నాకు చెప్పి, "అన్నయ్యా, దీనికి ఇంకొక పెద్ద పాస్‌వర్డు ఉంటుంది. సిస్టంకి ఏదైనా అయితే అది కావాలి, నేర్చుకో" అన్నాడు. మా వారు నవ్వి, "నాకెందుకురా అవన్నీ, నువ్వున్నావుగా" అని టీ చెప్పడానికి బయటికి వెళ్ళిపోయారు. ఆ నవ్వు నేను చూశాను. అందులో అనుమానం ఇసుమంత కూడా లేదు.

కొత్తదానిలో నాకు వచ్చిన పెద్ద కష్టం మీటలు. నా వేళ్ళకు తెలిసిన చోట ఒక్క అక్షరమూ లేదు. 'శ్రీ' కొట్టబోతే ఇంకేదో పడేది, శుభలేఖ మొదటి అక్షరమే కూడిరాక ఏడుపొచ్చేది. మా మరిది చూసి చూసి, ఒకరోజు కుర్చీ నా పక్కకు లాక్కుని, "నువ్వు మారొద్దు వదినా, దాన్నే మారుద్దాం. పాత టైపు మిషను మీద ఏది ఎక్కడుండేదో చెప్పు" అన్నాడు. నేను కళ్ళు మూసుకుని బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ చెప్పేదాన్ని, అతను ఒక్కొక్కటే రాసుకుని కంప్యూటరుకు నేర్పేవాడు. వారాల తరబడి సాగింది ఆ పని. ఒక వత్తు కుదిరితే ఇంకో గుణింతం చెడేది. చివరికి ఒకరోజు నేను ఆగకుండా ఒక శుభలేఖ మొత్తం కొట్టగలిగాను. బందరులో నా వేళ్ళు నేర్చుకున్న చదువును ఒక యంత్రం కూర్చుని విన్నట్టు అనిపించింది. ఆ రోజుతో నా అనుమానం పోయింది.

మా వారిది మాత్రం అప్పుడే మొదలైంది. పక్కన జిరాక్సు షాపాయన మంచివాడే, కానీ మాటకు మాట అతికించడంలో దిట్ట. ఆ పెద్ద పాస్‌వర్డు సంగతి ఎలా విన్నాడో, ఒక సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, "అసలు తాళం తమ్ముడి దగ్గర పెట్టి, షాపు మీరు నడుపుతున్నారేంటండీ? రేపు చదువుకున్నవాడు, సగం నాది అంటే ఏం చేస్తారు?" అన్నాడు. మా వారు కొట్టిపారేసినట్టే మాట్లాడారు గానీ, ఆ మాట లోపలికి వెళ్ళి కూర్చుంది. మా మరిది కంప్యూటరులో ఏదైనా సరిచేసేటప్పుడు ఒక నల్లటి కిటికీ తెరిచేవాడు, అందులో తెల్లటి అక్షరాలు వరదలా పైకి పోయేవి. అప్పుడు మా వారు వెనక వచ్చి నిలబడేవారు. ఏం చేస్తున్నావని అడిగేవారు కాదు, నిలబడేవారు అంతే. భోజనానికి ఇంటికి రావడం మానేసి క్యారేజీ తెప్పించుకునేవారు. మా మరిది గమనించాడో, గమనించనట్టు ఉన్నాడో నాకు ఈనాటికీ తెలియదు.

ఎండలు ముదిరి, పెళ్ళిళ్ళు జోరుగా ఉన్న రోజుల్లో మా మరిదికి హైదరాబాదు నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. నాకొక్కదానికే చెప్పాడు. "ఇప్పటికే రెండు పోయాయి. ఇదీ పోతే అన్నయ్యకి ముఖం చూపించలేను. వస్తే నేనే చెప్తాను వదినా" అన్నాడు. అన్నగారితో మాత్రం గన్నవరంలో స్నేహితుడి ఇంటికి వెళ్తున్నానని చెప్పి బయలుదేరాడు.

ఆ మర్నాడే కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ అప్పటికే ముసలిదైపోయి ఉంది, ఒక్కసారి కూతపెట్టి ఆరిపోయింది. కరెంటు వచ్చాక కంప్యూటరు వేస్తే నల్లటి తెర మీద ఏవో ఇంగ్లీషు ముక్కలు పరిగెత్తి, చివర పాస్‌వర్డు అడుగుతూ ఆగిపోయింది. నాకు తెలిసినది కొట్టాను, ఒప్పుకోలేదు. మళ్ళీ ఆపి వేశాను, మళ్ళీ అదే. ఆ సమయానికి షాపులో కైకలూరు వైపు నుంచి వచ్చిన చేపల వ్యాపారి కూర్చుని ఉన్నాడు. కూతురి శుభలేఖ ఆ సాయంత్రం ప్రెస్సుకు వెళ్ళాలి. "తొందరేం లేదండీ" అంటూనే ముందుకు వంగి తెరను చూసి, "మా అమ్మాయి పేరు అందులోనే ఉండిపోయిందాండీ?" అని అడిగాడు.

మా వారు తమ్ముడి సెల్లుకు ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. గన్నవరం స్నేహితుడికి చేస్తే, ఇక్కడికి రాలేదండీ అన్నాడు. రిసీవరు పెట్టేసిన తర్వాత ఆయన ముఖం నేను మరచిపోలేను. కోపం కాదు. తాను ఎదురుచూస్తున్న చెడువార్త రానే వచ్చిందన్నట్టు, ఒక రకమైన నిశ్చింత.

"వేసేశాడు తాళం," అన్నారు.

ఇక దాచలేక, ఇంటర్వ్యూకు వెళ్ళాడని చెప్పేశాను. దాంతో చల్లబడతారనుకున్నాను. ఆయన చూపు తెర మీద నుంచి నా మీదకు తిరిగింది. "నీకు చెప్పి నాకు చెప్పలేదన్నమాట. ఇంకేం చెప్పాడు నీకు?"

"ఆ పాస్‌వర్డు మొదటిరోజే మీకు చెప్పబోయాడండీ. మీరే వద్దన్నారు."

"వద్దంటే? తర్వాత మళ్ళీ చెప్పకూడదా?"

అనుమానం పట్టిన మనిషి దగ్గర ప్రతి మాటకూ ఒక జవాబు ఉంటుంది. సాయంత్రం దాకా ఆగమని బతిమాలాను, సెల్లు తెరవగానే కనుక్కుందామన్నాను. సాయంత్రానికి ఇంకేం పోతుందో అన్నారు. జిరాక్సు షాపాయనే ఎవరో రిపేరు మనిషిని పిలుచుకొచ్చాడు. అతను ఆ నల్లటి తెరను చూసి, ఇలాంటిది తనకు తెలియదనీ, మొత్తం తుడిచేసి పాత విండోస్ ఎక్కించడమే దారనీ చెప్పాడు. మా వారు తల ఊపారు. నేను ఆ చేపల వ్యాపారి ముందు ఏమీ అనలేక, స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. తుడవడం ఎంతసేపో పట్టలేదు. అతను ఎక్కించిన తెలుగులో మా పాత మీటల వరస కూడా లేదు, వేరే ఏదో వరస మీద తడుముకుంటూ ఆ శుభలేఖ మళ్ళీ మొదటి నుంచి కూర్చాను. పెళ్ళికూతురి పేరు రెండుసార్లు తప్పు పడింది. దీపాలు పెట్టే వేళకు అది ప్రెస్సుకు వెళ్ళింది, చేపల వ్యాపారి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మా మరిది స్టేషను నుంచి నేరుగా షాపుకు వచ్చాడు, చేతిలో హైదరాబాదు బిస్కెట్ల పెట్టెతో. తెర మీద విండోస్ వాళ్ళ పాత పచ్చిక కొండ బొమ్మ చూసి గుమ్మంలోనే ఆగాడు. మొదట అడిగిన మాట, "నిన్న కరెంటు పోయిందా?"

మా వారు, "గన్నవరం అన్నావు," అన్నారు.

"ఉద్యోగం వచ్చిందన్నయ్యా," అని పెట్టె బల్ల మీద పెట్టాడు. మెల్లగా, "కరెంటు పోతే లోపల ఏదో చెదురుతుంది. బాగు చేసుకుంటాను, అనుమతి ఇవ్వమని ఆ పెద్ద పాస్‌వర్డు అడుగుతుంది. అది తాళం కాదన్నయ్యా" అన్నాడు. అప్పుడు నా వైపు తిరిగి, "వదినా, నీ మీటల ఫైలు కాపీ ఏమన్నా తీశారా?" అని అడిగాడు. లేదని తల ఊపాను. "పోన్లే," అని చిన్నగా నవ్వి, చేతులు కడుక్కోవడానికి పెరటివైపు వెళ్ళాడు. అక్కడ కుళాయి చాలాసేపు పారుతూనే ఉంది.

కొత్త ఉద్యోగానికి బయలుదేరిన రోజు మా వారు అతని సూట్‌కేసు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బస్టాండు దాకా తానే మోశారు, కిటికీ పక్క సీటు వెతికిపెట్టారు, నీళ్ళ సీసా కొనిచ్చారు, బస్సు కదిలి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డారు. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. మా మరిదీ ఎత్తలేదు. తర్వాత పండక్కీ పబ్బానికీ వచ్చేవాడు, షాపులో కూర్చుని కబుర్లు చెప్పేవాడు, కానీ మా కంప్యూటరు మీద మళ్ళీ చెయ్యి వేయలేదు. నేనూ అడగలేదు. కొత్త మీటలు నేర్చుకున్నాను. వయసు మీద పడ్డాక నేర్చిన చదువు కనుక, ఈనాటికీ కళ్ళు తెరిచి చూసుకునే కొడతాను.

జీపు మా సందులోకి ఎప్పుడూ రాలేదు. కొన్నాళ్ళకు శుభలేఖలు కొట్టించుకునేవాళ్ళే తగ్గారు, మేమూ షట్టరు దించేశాం. ఇప్పుడు ఆ వరుసంతా సెల్లు షాపులే. ఊరికే వచ్చేవాటిని చూసి భయపడే మనుషులు కూడా ఆ షట్టర్లతో పాటే పోయారు. మా వారే ఇప్పుడు ఫోనులో ఏది అడిగినా చదవకుండా సరే అని నొక్కేస్తారు. మా మరిది ప్రతి ఆదివారం ఫోన్ చేస్తాడు. అన్నదమ్ములిద్దరూ వానల గురించీ, మోకాళ్ళ నొప్పుల గురించీ తెగ మాట్లాడుకుంటారు. ఇంట్లో కంప్యూటరు మొరాయిస్తే మాత్రం ఆ మాట తమ్ముడి చెవిన పడనివ్వరు. దాన్ని సంచిలో పెట్టుకుని, పాస్‌వర్డు చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి, బజారులో పేరు కూడా తెలియని మనిషి చేతిలో పెట్టి వస్తారు.