నేను విప్పించిన జానెడు గుడ్డ

మా ఇంట్లో మగ్గం మా ఆయనది, తప్పులు పట్టే పని నాది. కర్నూలుకు పడమర మా నేతగాళ్ళ ఊరిలో నా నోటికి జడవని మగ్గం లేదని మా అత్త అనేది. అది పొగడ్తే అనుకునేదాన్ని, పోయిన ఎండాకాలం దాకా.

ఆ రోజు పొద్దున ఏడు గంటలకు ఆయన మగ్గం గుంటలోకి దిగాడు. దిగగానే చీర అంచుకు ఒక ఎర్రపోగు కట్టాడు. ఆ రోజు పని ఎక్కడ మొదలైందో తెలియడానికి మా ఇంట్లో అలా కడతాం. నేను నూలు కండెలు చుట్టడం ముగించి వచ్చి చూద్దును కదా, చీర పాడై ఉంది. పోగులు ఒకచోట పైకి తేలి, ఒకచోట వదులై, జానెడు పొడవున గుడ్డ జల్లెడలాగా ఉంది.

“ఏమయ్యా, కండ్లు యాడ పెట్టుకోని నేస్తాండావు? ఇది ఎవురు కట్టుకుంటారు? మొత్తం ఇప్పు.”

ఆయన తల ఎత్తలేదు. వంగి పోగులు ఊడదీయడం మొదలుపెట్టాడు. కుడిచేత్తోనే తీస్తున్నాడు, ఎడమచేయి ఒళ్ళో ఊరికే పడి ఉంది. నా మీద అలిగాడనుకున్నాను.

“రెండు చేతులూ పెడితే అరిగిపోతాయా?” అని కూడా అన్నాను.

గంటకు పైగా విప్పాడు. పదకొండున్నరకు అన్నానికి పిలిచాను. గుంట అంచున కూర్చోబెట్టి చెంబు అందిస్తే, తాగిన నీళ్ళు నోటి ఎడమపక్క నుంచి చొక్కా మీదకు కారాయి. మూతి వంకర పోయింది. లేపబోతే ఎడమకాలు నిలవలేదు.

ఇరుగుపొరుగు వచ్చారు. పావురం రక్తం రుద్దితే పక్షవాతం తగ్గుతుందని పక్కింటి పెద్దాయన అన్నాడు. నేను ఆ పెద్దాయన మీద కూడా లేచాను. వెంటనే అంబులెన్స్ పిలిపించి కర్నూలు తీసుకుపోయాను. దారి పొడుగునా నా తెలివికి నేనే సంతోషపడ్డాను. ఒక్క నిమిషం పోగొట్టలేదు గదా అనుకున్నాను.

ఆసుపత్రిలో స్కానింగ్ అయ్యేసరికి రెండు దాటింది. నరాల డాక్టరమ్మ చిన్న వయసుది. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డం పడిందని చెప్పింది.

“గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉందమ్మా. జబ్బు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి. ఆలస్యంగా ఇస్తే మెదడులో రక్తం కారే ప్రమాదం ఉంది. ఎప్పుడు మొదలైంది?”

“పదకొండున్నరకు, అన్నం కాడ.”

“అయితే టైముంది” అంది. నర్సు మందు సిద్ధం చేయడానికి వెళ్ళింది. డాక్టరమ్మ కాగితం మీద రాస్తూ మళ్ళీ అడిగింది. “అంతకుముందు పని మామూలుగానే చేసుకున్నాడా? చేతిలో, కాలిలో ఏమైనా తేడా కనిపించిందా?”

అప్పుడు నాకు ఆ జానెడు గుడ్డ కళ్ళ ముందుకొచ్చింది. మగ్గం కింది చెక్కలను రెండు కాళ్ళతో మార్చి మార్చి తొక్కాలి. ఒక కాలు సరిగా పడకపోతే పోగులు అట్లాగే తేలుతాయి. పదేళ్ళ పిల్లకు కూడా తెలిసిన సంగతి. ఆ కాలు ఎందుకు పడలేదో నేను అడగలేదు. ఎర్రపోగు నుంచి మూరెడు గుడ్డ బాగుంది. మూర అంటే ఆయనకు రెండు గంటల పని. అంటే తొమ్మిదికే మొదలైంది.

నోరు మూసుకుంటే సూది వేస్తారు, చెబితే వేయరు. డాక్టరమ్మ రాయడం ఆపి నన్ను చూసింది.

“తొమ్మిదికే మేడం” అన్నాను. “నేనే చూసుకోలేదు. తిడ్తా కూచున్యా.”

ఆమె గడియారం చూసింది. నర్సును పిలిచి వద్దని చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. “చెప్పి మంచి పని చేశారు, మిగతా మందులు మొదలుపెడతాం” అని మాత్రం అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

నాలుగో రోజుకు ఆయనకు మాట ముద్దముద్దగా వచ్చింది. ఎడమచేయి, ఎడమకాలు మాత్రం రాలేదు. మంచం పక్కన కూర్చుని గంజి తాగిస్తూ, మూడు రోజులుగా అడగాలనుకున్న మాట అడిగేశాను.

“కాలు పడలేదని అప్పుడే నాకెందుకు చెప్పలేదయ్యా?”

గంజి మింగి, వంకర మూతితో నవ్వబోయాడు.

“చెప్తే మళ్ళా తిడ్తావని” అన్నాడు. “ఇప్పేస్తే సరిపోతాదనుకుంటి, మే.”